చేయబడునా, చేయుదుమా?



మన కమిటీల మినిట్సు పుస్తకము తెరచినచో ఒక మాట తరచుగా కనిపించును: "తగు చర్య తీసుకొనబడును." ఎవరు తీసుకొందురు? ఎప్పటిలోగా? ఆ వాక్యములో కర్త లేడు. వ్యాకరణరీత్యా అది తప్పు కాదు గాని, కారుచున్న గుడి పైకప్పుకు నిచ్చెన వేయదు.

నోటిమాటయు అంతే. "నేను చేస్తాను" అన్నవానిని మరునాడు అడుగవచ్చును. "చేద్దాం" అన్నచో అడుగవలసినవాడు కూడ అందులో కలిసిపోవును. ఇక "చూద్దాం" అన్నది మన తెలుగువారికి బహు మర్యాదగల "కాదు". ఆ మర్యాదకు వెల ఎదుటివారు చెల్లింతురు. బిడ్డ ఫీజు కొరకు వచ్చిన విధవరాలు "చూద్దామమ్మా" అను మాట నమ్మి, ఇంకెవరినీ అడుగక కనిపెట్టుకొని యుండును. బడి మాత్రము కనిపెట్టదు. "మావల్ల కాదమ్మా" అని ఆనాడే చెప్పియుంటే ఆమె మరొక తలుపు తట్టియుండును.

"ప్రభువు చిత్తమైతే" అను మాటనుకూడ మనము తప్పించుకొనుటకే వాడుచున్నాము. యాకోబు పత్రిక 4వ అధ్యాయములో ఆ మాట వెంటనే చేయుట గూర్చిన మాట యున్నది. ఆ సగము మన నాలుకకు ఎక్కలేదు. మత్తయి 21వ అధ్యాయములో తండ్రితో వినయముగా సరే అన్న కుమారుడు ద్రాక్షతోటకు పోనేలేదు; పోనన్నవాడే పోయెను.

వచ్చే కమిటీలో ప్రతి తీర్మానము ప్రక్కన ఒక పేరు, ఒక తేదీ వ్రాయుదము. ("వ్రాయుదము" కూడ అట్టిదే కదా అందురేమో. సెక్రటరీగారు వ్రాయవలెను.)