ఆ రోజులే వేరు!

"మా రోజులే వేరమ్మా!" అని పెద్దవాళ్ళు అంటూండడం మనకు కొత్త కాదు. ఈ మాట నేను అమెరికాలో కూడా విన్నాను. అయోవా రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు పక్కింటి పెద్దావిడ నన్ను నాక్స్‌విల్ అనే ఊరు తీసుకువెళ్ళారు. చిన్న ఊరు. చుట్టూ మొక్కజొన్న చేలు. 1961లో మొదలైన స్ప్రింట్ కార్ల పందేలు ఆగస్టు వచ్చిందంటే అక్కడ తిరునాళ్ళే.

స్ప్రింట్ కారంటే మనం ఎక్కి తిరిగే కారు కాదు సుమండీ. నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి. ఒక్క మనిషికే చోటు. స్టార్టరైనా ఉండదు, వెనకనుంచి మరో బండి నెట్టాలి. అరమైలు మట్టిబాట మీద, మలుపు వచ్చినప్పుడల్లా వెనక చక్రాలు జారుతూ, మట్టి ఎగజిమ్ముతూ బండి పక్కవాటుగా దూసుకుపోతుంది.

అక్కడి మ్యూజియంలో పాత బళ్ళు చూశాను. ఇప్పటి బళ్ళకు డ్రైవరు చుట్టూ ఇనప గొట్టాల పంజరం ఉంటుంది. ఆనాటి వాటికి అదేం లేదు. తలపైన ఆకాశమే! బండి పల్టీ కొడితే ఇక దేవుడే దిక్కు. 1958లో ఇండియానాపొలిస్ 500 గెలిచిన జిమ్మీ బ్రయన్ అంతటివాడు 1960లో లాంగ్‌హార్న్ మట్టిబాట మీద పోయాడు. 1966 జూన్‌లో రెడింగ్‌లో జడ్ లార్సన్, రెడ్ రీగెల్. నవంబరులో ఆస్కాట్ పార్కులో డాన్ బ్రాన్సన్, డిక్ ఆట్కిన్స్. ఒక్క ఏడాదిలో, రెండే ప్రమాదాల్లో నలుగురు! 1970ల తొలి ఏళ్ళలోగాని పంజరం తప్పనిసరి కాలేదు. అది పిరికితనమని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారట.

ఆ పెద్దావిడ భర్త ఆ రోజుల్లో ఈ బళ్ళు తోలినవాడే. పంజరం వచ్చాక పందెంలో పస పోయిందని చివరిదాకా అనేవాడట. "మరి మీరేమంటారు?" అని అడిగాను.

"అప్పట్లో బళ్ళు నిలిపేచోటికి ఆడవాళ్ళను రానిచ్చేవారు కాదు. దూరంగా మెట్లమీద కూర్చునేదాన్ని. దుమ్ము అణగగానే ఆయన బండి నంబరు కోసం వెతుక్కునేదాన్ని. ముందున్నాడా వెనకున్నాడా అని కాదు, ఉన్నాడా లేడా అని" అన్నారావిడ. కాస్సేపాగి, "అయినా తడిమట్టి వాసన వస్తే ఈనాటికీ మనసాగదు" అని నవ్వారు.

నాకు మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. పదకొండు కాన్పులూ ఇంట్లోనే, ఆస్పత్రి మొహం చూడలేదని గొప్పగా చెప్పుకునేది. పదకొండుమందిలో దక్కింది ఆరుగురే. ఆ మాట మాత్రం చివర్న, గొంతు తగ్గించి చెప్పేది.

పాతరోజుల ధైర్యానికి దండం పెట్టవలసిందే. కాని ఆ కథలు చెప్పేవాళ్ళు మిగిలినవాళ్ళు. పోయినవాళ్ళు చెప్పలేరు కదా! పంజరం వచ్చినంత మాత్రాన అపాయం పూర్తిగా పోలేదు, పందెమూ ఆగలేదు. రానివ్వని ఆడవాళ్ళే తర్వాత బండెక్కారు. 2004లో కాలిఫోర్నియాలోని టులేరీలో ఎరిన్ క్రాకర్ 'వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్' ప్రధాన పందెం గెలిచింది. అది గెలిచిన మొదటి స్త్రీ ఆమే!

కనుక పిల్లలకు పాతరోజుల ముచ్చట్లు తప్పక చెబుదాం. ఆ గొంతు తగ్గించి చెప్పే మాట కూడా, కాస్త గట్టిగానే చెబుదాం.