పత్తి పూవు – కూలివారి చేయి



కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. 2016లో పూర్వపు మహబూబ్‌నగర్ నుండి వేరుపడి జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడింటిలోను పత్తి పండుతుంది. అందులో గద్వాల సంకర పత్తి విత్తనానికి పేరుపొందినది.

ఈ విత్తనం చాలవరకు మనిషి చేతిమీదనే తయారవుతుంది. సాయంకాలం మొగ్గను గోటితో ఒలిచి పుప్పొడి తిత్తులను తీసివేస్తారు. మరునాటి ఉదయం మగపూవును తెచ్చి దాని కీలాగ్రానికి రాస్తారు. ఈ పని చేసేవారిలో స్త్రీలే ఎక్కువ.

పురుగుమందు ప్రమాదమనగానే మనకు మందు కొట్టేవాడే గుర్తుకు వస్తాడు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొట్టిన పలువురు ప్రాణాలు కోల్పోయారు. కాని మందు కొట్టిన చేనిలో మరునాడు మంచుతడి ఆరకముందే పూలు తాకే చేతుల సంగతి ఏమిటి? ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు చర్మంగుండా కూడ రక్తంలో కలుస్తాయి. నరాల సంకేతాన్ని అణచవలసిన ఎంజైమును స్తంభింపజేస్తాయి. అప్పుడు చెమట, చొల్లు, వాంతి, చూపు మసక, కండరాల అదురు కలుగుతాయి. ముదిరితే శ్వాస ఆగుతుంది. దీనిని వడదెబ్బ అనుకొని నీడన కూర్చోబెట్టి ఊరుకోరాదు.

నివారణ కష్టమైనది కాదు. డబ్బాపై ఉండే త్రికోణంలో ఎరుపు అత్యంత విషానికి, పసుపు దాని తరువాతి దానికి, నీలం మధ్యరకానికి, ఆకుపచ్చ స్వల్పవిషానికి గుర్తు. మందు కొట్టిన పిదప డబ్బాపై చెప్పిన వ్యవధి గడిచేవరకు ఎవరూ చేనిలో అడుగుపెట్టరాదు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుగుకోవాలి. పనిబట్టలను విడిగా ఉతకాలి.

ఒంట్లో తేడా కనిపిస్తే తడిసిన బట్టలు విప్పి, సబ్బునీటితో ఒళ్లు కడిగి, 108కు కబురు చేయాలి. వాంతి చేయించరాదు. మందు డబ్బాను వెంట తీసుకుపోవాలి. ఏ విషమో తెలిస్తేనే వైద్యుడు అట్రోపిన్ వంటి విరుగుడును తగినట్లు ఇవ్వగలడు.

రైతు సోదరులకు ఒక్క మనవి. ఆ వ్యవధిలో పూలు కొన్ని వృథా అవుతాయి, నిజమే. కాని పని ఆపిన రోజున కూలి కూడ ఆగిపోతే, కడుపు కోసం ఆమె తడి చేనిలోనే దిగుతుంది. ఆ పూట ఆమెకు వేరొక చేనిలో పని చూపండి, లేదా కూలి ఇవ్వండి. అన్ని జాగ్రత్తలకు మొదటిమెట్టు అదే.