కొండబాటలకు కొత్త పటము

అరకు లోయ చుట్టునున్న కొండలలో బండిబాట చేరని గూడెము లిప్పటికిని కలవు. అచట పురిటినొప్పులు వచ్చిన స్త్రీని డోలీలో మోయవలసినదే. ఏ దారిన దింపినచో అంబులెన్సు త్వరగా అందునో తెలుపు పటము ఫోనులో నున్న నెంత మేలు! అట్టిది సిద్ధపరచుటకు ఏండ్లు పట్టునని పలువురు తలతురు. మేమట్లు తలపము.

2007 డిసెంబరు ఎన్నికల పిమ్మట కెన్యాలో అల్లర్లు చెలరేగెను. 2008 జనవరిలో కొందరు మిత్రులు కొద్ది దినములలోనే ‘ఉషాహిది’ యను వెబ్ సేవను నిలిపిరి. స్వాహిలిలో ఆ మాటకు సాక్ష్యమని యర్థము. జనులు పంపిన కబురులు అందు పటముపై గుర్తులై కనబడెడివి. దాని సోర్సు కోడును అందరికిని విడిచిరి గనుక 2010 హైతీ భూకంపమునను అది యక్కరకు వచ్చెను.

మనకును సామగ్రి సిద్ధముగనే యున్నది. పటమునకు 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, వివరములు దాచుటకు పోస్ట్‌గ్రెస్, పుటలు కూర్చుటకు జాంగో, పటము చూపుటకు లీఫ్‌లెట్. అన్నియు ఉచితములే, మన యవసరమునకు మార్చుకొనవచ్చును. పని తెలిసిన యువకులు ఇద్దరు ముగ్గురు కూర్చున్న వారము దినములలో తొలిరూపు నిలుచునని మా యంచనా.

అసలు శ్రమ అటుపిమ్మటనే. వాన కురిసిన ఏ వాగు దాటరాదో, ఏ కాలిబాట మూసికొనిపోవునో ఉపగ్రహచిత్రము చెప్పదు. సంతకు వచ్చు గదబలను, కోదులను, కొండదొరలను అడుగవలెను. గూడెము పేరు వారు పలికినట్లే వ్రాయవలెను. రోగుల పేర్లు మాత్రము పటమున కెక్కరాదు. కొండలలో సిగ్నలు అందని తావులు పెక్కు. కావున సంతనాడే పటమును ఫోనులోనికి దింపుకొను వీలు కల్పింపవలెను.