గౌజుపిట్టకు గట్టు కావాలి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును మాట్లాడమంటే రోడ్ల గురించో నీళ్ల గురించో చెబుతాడనుకుంటారు. నేను గౌజుపిట్ట గురించి చెబుతాను. పుస్తకాల్లో కౌజు అని రాస్తారు. పెనుకొండ కొండ కింద, హిందూపురం దారిలో, ధర్మవరం చుట్టుపక్కల చేలల్లో తెల్లారకముందే అరిచే పిట్ట అదే. మీలో దాని అరుపు తెలిసినవాళ్లు చాలామంది. రుచి తెలిసినవాళ్లూ ఉన్నారు; 1972 చట్టం ఉంది కాబట్టి పేర్లు చెప్పను.

ఇప్పుడు ఆ అరుపు తగ్గింది. ఎవరినడిగినా "వానల్లేవు సార్" అంటారు. అది సగం నిజం.

మనది పడమటి కనుమల వెనక వాననీడ ప్రాంతం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, అదీ వరుసగా కురవదు. గౌజు పొద కింద నేలమీదే గుంట చేసుకుని ఆరేడు గుడ్లు పెడుతుంది. 18, 19 రోజులు పొదుగుతుంది. పిల్లలు పుట్టగానే తల్లి వెంట నడుస్తాయి గానీ మొదట్లో వాటికి గింజలు చాలవు, చెదలు, చీమలు, చిన్న పురుగులు కావాలి. పురుగుకు పచ్చిక, పచ్చికకు వాన. జూన్‌లో ఒక వాన పడి ఆగస్టు దాకా మొహం చాటేస్తే ఆ ఏటి పిల్లలు దక్కడం కష్టం. పొదిగేటప్పుడు కుండపోతగా కురిసినా గుంట మునుగుతుంది.

అయితే కరువు మనకు కొత్తా? ఎన్ని కరువులొచ్చినా గౌజు మళ్లీ పుంజుకునేది. చెరువు లెక్కలో చెబితే వాన ఇన్‌ఫ్లో, పొద స్టోరేజీ. కరువులో మిగిలిన నాలుగు జతలు గట్టుమీది రేగు కంపలో, కలివి పొదలో తలదాచుకుని, మంచి ఏడు రాగానే చేలల్లోకి పాకేవి. పోయింది ఆ స్టోరేజీ. కొర్ర, సజ్జ పోయి వేరుశనగ పరుచుకుంది. జేసీబీలు వచ్చాక గట్లు సన్నబడ్డాయి, బీళ్లు ప్లాట్లయ్యాయి. ఎర్రమంచి దగ్గర 2019లో కార్ల తయారీ మొదలైంది, పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, కాదనను. నన్నడిగితే ఫ్యాక్టరీ కన్నా గట్ల నష్టమే పెద్దది. ఫ్యాక్టరీ ఒకచోట, గట్టు ప్రతి ఊళ్లో.

నేలమీద గుడ్లు పెట్టే పిట్టల గతి పక్క జిల్లాల్లో చూశాం. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. అక్కడ అది దాదాపు కనుమరుగైంది. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప వైపు మళ్లీ దొరికింది, అదీ కంపల్లోనే.

ఇక అసలు మాట. స్వర్ణోత్సవ నిధితో బడి వెనక గుట్టవార కంప కొట్టి, చదును చేసి మొక్కలు నాటుదామని కమిటీ ఆలోచన. గౌజుకు నీడచెట్ల తోపు అక్కర్లేదు, కంపే కావాలి. పాముల భయం న్యాయమైనదే. గదుల పక్కన 20 అడుగులు శుభ్రం చేసి కంచె వేయండి, మిగతాది వదిలేయండి. ఎండాకాలం నిప్పు పెట్టనివ్వకండి. సైన్సు అయ్యవార్లు జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికో పొద్దున పిల్లలతో అరుపులు లెక్కబెట్టించి, పక్కనే వాన కొలత రాయించాలి. వర్షమాపకం నేను కొనిస్తాను.