తేరు తిరిగే వీధి
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



పండుగపూట వీధుల ప్రస్తావన ఎందుకని మీరు నవ్వవచ్చు. కాని మన మధురలో పెరిగినవారికి ఇల్లెంతో వీధీ అంతే.

మీనాక్షి అమ్మవారి ప్రాకారంలో ఆడి వీధులు, వెలుపల చిత్తిరై, ఆవణి మూల, మాసి వీధులు ఒకదాని చుట్టూ ఒకటిగా ఉన్నవి. పేర్లన్నీ తమిళ మాసాలే. 16వ శతాబ్దిలో ఈ ఊరికి రూపు దిద్దినవాడు విశ్వనాథ నాయకుడు. తెలుగు ఏలిక కనుక మనకు ఆ గర్వం కాస్త ఎక్కువే, పోనివ్వండి.

చిత్తిరై ఉత్సవంలో తేరు తిరిగేది మాసి వీధులలో. మాసిలో జరిగే ఉత్సవాన్ని తిరుమల నాయకుడు చిత్తిరైకి మార్చినాడని చెప్పుకుంటారు. నెల మారినా వీధి మారలేదు. మూలమలుపులో తేరు తిరగవలె, మోకు పట్టినవారు నిలవవలె, ముసలివాళ్లు కూర్చుండి చూడవలె. వీధి కొలతలన్నీ ఆ అవసరాలలోనే ఉన్నవి.

మధుర 2016లో స్మార్ట్ సిటీ పథకానికి ఎంపికైనది. చిత్తిరై వీధులలో రాయి పరచినారు. అక్కడ బండ్ల రాకపోకలు లేవు. పిల్లవాడి చేయి వదలి నడవవచ్చు. మంచిపనే. అయితే వీధి అంటే నేల ఒక్కటేనా? రెండు ప్రక్కల గోడలు, స్తంభాలు, చూరునీడ, అరుగు - ఇవి పోయినచోట ఎంత మంచి రాయి పరచినా అది బాట అవుతుంది కాని వీధి కాదు.

అరుగులను తీసినవారెవరు? మనమే. దుకాణానికి నాలుగడుగులు కలసివస్తవని తీసి, ఇనుప షట్టరు దించినాము. మిగిలిన అరుగులను తారు మింగినది. పాతది గీకకుండా పొరమీద పొర వేస్తే వీధి పైకి లేచి, గడప క్రిందికి పోయి, వాననీరు ఇంట్లోకి వచ్చును.

కనుక మేము కోరేది కొంచెమే. కొత్తగా కట్టేవారు ముందు నాలుగడుగులు నీడగా విడువవలె. ప్రక్కింటి చూరు ఎత్తు చూచి తమ చూరు దించవలె. పేరుపలక స్తంభాలను కప్పరాదు. పాత ఎత్తులు ఎట్లా తెలియునందురా? మన పెండ్లి ఫోటోలున్నవి గదా! ఊరేగింపు వెనుక అరుగులు, స్తంభాలు స్పష్టంగా కనబడతవి. పెట్టె అడుగున ఉన్నవి వచ్చే ఆదివారం సంఘానికి తీసుకొనిరండి. నకలు తీసుకొని, అసలు అదే రోజున తిరిగి ఇస్తాము.