తప్పింది తాళమా, యంత్రమా?
(ప్రసంగ పాఠం)

 

గుడివాడ హాస్టళ్ళలో చదువుకుని కాలేజీకి వెళ్ళిన మన పిల్లలు ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో పాటలు రికార్డు చేస్తున్నారు. చాలా సంతోషం. యానాది, ఎరుకల, సుగాలి ఇళ్ళలో పాటలు పుస్తకాల్లో తక్కువ, నోళ్ళలో ఎక్కువ. పాడే పెద్దావిడ వెళ్ళిపోతే పాట కూడా ఆమెతోనే పోతుంది. అయితే ఈ పనిలో ఒక సాంకేతిక చిక్కు ఉంది. హాస్టల్లో పిల్లలతో కలిసి మేము నేర్చుకున్నది మీకు చెబుతాం.

నాయనమ్మ పాట ఒక ట్రాకులో, డప్పు మరో ట్రాకులో రికార్డు చేస్తాం. పాటకు వెనక రొద తగ్గించే ప్లగిన్ ఒకటి తగిలిస్తాం. వింటే పాట డప్పు కంటే వెనకబడి ఉంటుంది. వెంటనే మనం అనే మాట ఏమిటి? "నాయనమ్మ తాళం తప్పింది." నిజానికి ఆలస్యం చేసింది యంత్రం.

ఎందుకు? కంప్యూటర్ ధ్వనిని సెకనుకు 44,100 లేదా 48,000 అంకెలుగా కొలుస్తుంది. ఒక్కో అంకె ఒక శాంపిల్. కొన్ని ప్లగిన్లు ఒక్కొక్క శాంపిల్ చూసి పని చేయలేవు. రొదను గుర్తించాలంటే ఒక ముక్క మొత్తం చేతికి రావాలి. పెద్ద శబ్దాన్ని అదుపు చేసే లిమిటర్‌కు రాబోయే దెబ్బ ముందే తెలియాలి. అందుకని ధ్వనిని కాసేపు పట్టి ఉంచి వదులుతాయి. 48,000 లెక్కన 2,048 శాంపిళ్ళు ఆపితే సుమారు 43 మిల్లీ సెకన్ల ఆలస్యం. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కనుక, పాడే ఆమె డప్పుకు 14 మీటర్లకు పైగా దూరాన నిలబడ్డట్టు!

దీనికి విరుగుడే ప్లగిన్ డిలే కాంపెన్సేషన్. ప్రతి ప్లగిన్ తాను ఎన్ని శాంపిళ్ళు ఆపుతుందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పుకోవాలి. అందులో పెద్ద ఆలస్యం ఎవరిదో చూసి, మిగతా ట్రాకులన్నిటినీ సాఫ్ట్‌వేర్ అంతసేపు ఆపుతుంది. మన గుడివాడ జంక్షన్‌లో ఆలస్యంగా వచ్చే బండి కోసం లింకు బండిని ఆపినట్టే. రీపర్, ఆర్డర్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో ఇది దానంతటదే జరుగుతుంది. పేరున్న ప్రో టూల్స్‌లో కూడా, ప్రత్యేక హార్డ్‌వేర్ లేని మామూలు కంప్యూటర్లకు ఈ సౌకర్యం 2010లో తొమ్మిదో వెర్షన్‌తో గానీ రాలేదు.

అయినా చిక్కులు తీరలేదు.

మొదటిది: ప్లగిన్ చెప్పే లెక్క తప్పు కావచ్చు. పరీక్ష తేలిక. ఒకే ట్రాకును రెండుగా కాపీ చేయండి. ఒకదానికి ప్లగిన్ తగిలించి, ధ్వనిని మార్చకుండా సున్నా మీద ఉంచండి. రెండోదాన్ని ఇన్వర్ట్ చేయండి. రెండూ కలిపి వాయిస్తే నిశ్శబ్దం రావాలి. ఏదైనా వినిపిస్తే లెక్క కుదరలేదన్నమాట.

రెండోది: ఒకే డప్పుకు రెండు మైకులు పెట్టి, ఒకదానికే ప్లగిన్ వేసినప్పుడు లెక్క తప్పితే, ఆలస్యం చెవికి తెలియదు, డప్పు మాత్రం డొల్లగా మోగుతుంది. ఒక్క మిల్లీ సెకను తేడా చాలు, 500 హెర్ట్జ్ దగ్గరి ధ్వని ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది.

మూడోది ముఖ్యం. వెనక్కి ఆపడం సాధ్యమే గానీ, ఇంకా పాడని పాటను ముందుకు తేవడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ సాధ్యం కాదు. ఇయర్‌ఫోన్‌లో తన గొంతు ఆలస్యంగా వినిపిస్తే ఎంతటి పాటగత్తె అయినా తడబడుతుంది. కనుక రికార్డు చేసేటప్పుడు బరువైన ప్లగిన్లు తీసేయండి. బఫర్ 128కి తగ్గించండి. అది 3 మిల్లీ సెకన్ల లోపే. మిక్సింగ్‌లో మళ్ళీ 1,024కి పెంచుకోవచ్చు. బ్లూటూత్ వద్దు, వైరు ఇయర్‌ఫోనే వాడండి. బ్లూటూత్ ఆలస్యాన్ని ప్లగిన్ లెక్క పట్టుకోదు.

ఈ గుడివాడ పక్కనే చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల గారి తరంలో గాయకుడు, వాద్యబృందం కలిసి ఒకేసారి పాడి వాయించేవారు. మన పెద్దలదీ అదే పద్ధతి. వీలైతే పాటనూ డప్పునూ కలిపే రికార్డు చేయండి. ప్లగిన్ తగలని అసలు ఫైలును విడిగా దాచండి.

చివరిగా ఒక్క మాట. నాయనమ్మ కొన్నిచోట్ల కావాలనే కాస్త ఆగి పల్లవి అందుకుంటుంది. అది ఆలస్యం కాదు, ఆమె పాడే తీరు. గీతల మీదికి జరిపి దాన్ని "సరిచేయ"కండి. ముందు యంత్రాన్ని పరీక్షించండి. యంత్రం లెక్క కుదిరాక కూడా పాట ఆగి నడిస్తే, ఆమె దగ్గర కూర్చుని ఆ నడక నేర్చుకోండి.