అంతరిక్ష వాతావరణము: అందరికిని తెరచిన పత్రిక

వెనుకటి దినములలో షార్టువేవు మీద సిలోను రేడియో వినిన కుటుంబములు రాయలసీమలో ననేకము. పట్టపగలు, మబ్బుతునక యైన లేని వేళ, పాట నడుమ కేంద్రము ఒక్కసారిగా మాయమగుట వారిలో కొందరికి అనుభవమే. ముల్లు త్రిప్పినను, ఏరియల్ తీగె సరిచూచినను ఫలితముండదు. అరగంటకో గంటకో పాట తనంత తానే తిరిగి వచ్చును. ఇట్టి సందర్భములలో పెక్కుమార్లు దోషము పెట్టెలోను లేదు, కేంద్రములోను లేదు. పదునైదు కోట్ల కిలోమీటర్ల దూరమున సూర్యబింబము మీద నున్నది.

సూర్యునిమీద అప్పుడప్పుడు పెనుజ్వాలలు లేచును. వానినుండి వెలువడు ఎక్స్ కిరణములు ఎనిమిది నిమిషములలో భూమిని చేరి, మన తలపై అరువది మొదలు తొంబది కిలోమీటర్ల యెత్తున నున్న పలుచని గాలిని విద్యుత్కణములుగా విడగొట్టును. పై పొరలకు తగిలి మరల నేలకు రావలసిన రేడియో తరంగములను దారిలో ఈ దిగువ పొరయే మ్రింగివేయును. జ్వాలతోపాటు విద్యుత్కణముల మేఘము కూడ మనవైపు బయలుదేరెనా, అది ఒకటి మొదలు మూడు దినములలో భూమిని తాకి అయస్కాంత తుఫానును లేపును. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రము తొమ్మిది గంటలపాటు విద్యుత్తు లేక యుండుటకు ఇట్టి తుఫానే కారణము. 2022 ఫిబ్రవరిలో అమెరికా కంపెనీ యొకటి ఒక్క ప్రయోగమున పంపిన 49 ఉపగ్రహములలో సుమారు 40 గాలిలో కాలిపోయినవి. నాటి తుఫాను పెద్దదియు కాదు. పైగాలిని వేడిచేసి కొంచెము చిక్కబరచినది, అంతే.

దీనిని శాస్త్రజ్ఞులు అంతరిక్ష వాతావరణమనుచున్నారు. అంతరిక్షమునకు శీతోష్ణస్థితియు వేరుగా కలదు. రాజంపేట వారికి ఈ భేదము చెప్పుట సులభము. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి వాన వాతావరణము; తరతరములుగా ఈ సీమ వానకెదురు చూచుచుండుట శీతోష్ణస్థితి. అట్లే ఒకనాటి సౌరజ్వాల వాతావరణమునకు చెందును. రమారమి పదునొకండేండ్ల కొకమారు సూర్యుని మచ్చలు పెరిగి తరుగుట, 1645 మొదలు 1715 వరకు అవి మిక్కిలి అరుదుగా కనబడుట, ఇవి శీతోష్ణస్థితికి చెందును.

ఈ రెండింటికిని ప్రత్యేకముగా ఒక పరిశోధన పత్రిక 2011లో ఫ్రాన్సునుండి వెలువడెను. 'జర్నల్ ఆఫ్ స్పేస్ వెదర్ అండ్ స్పేస్ క్లైమేట్' దాని పేరు. ఫ్రాన్సుకు చెందిన జ్యాఁ లిలెన్‌స్టెన్, గ్రీసుకు చెందిన అన్నా బెలెహాకి దాని తొలి ప్రధాన సంపాదకులు. దానికి చందా లేదు. ఇంటర్నెట్టు అందుబాటులో నున్నవారెవరైనను మొదటి పుట మొదలు చివరి పుట వరకు చదువవచ్చును, దింపుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును.

ఇందులో విశేషమేమని కొందరడుగవచ్చును. శాస్త్రపత్రికల వ్యవహారము చిత్రమైనది. పరిశోధనకు వ్యయము ప్రజాధనము. వ్యాసము వ్రాసిన శాస్త్రజ్ఞునికి ప్రతిఫలము లేదు. దానిని పరీక్షించు తోటి శాస్త్రజ్ఞునికిని సాధారణముగా లేదు. అచ్చైన పిమ్మట ఆ వ్యాసమునే చదువుటకు గ్రంథాలయములు పెద్ద మొత్తములు చెల్లింపవలెను. ఈ పద్ధతి మారవలెనని 2002 ఫిబ్రవరిలో బుడాపెస్టు ప్రకటన వెలువడెను. అప్పటినుండి తెరచిన పత్రికలు పెక్కు బయలుదేరినవి.

రాజంపేట పొరుగుననే తాళ్లపాక యున్నది. అన్నమాచార్యుల సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయములో ఒక అరలో శతాబ్దములపాటు పడియుండెను. 1922 ప్రాంతమున వానిని వెలికి తీసిన పిమ్మటగాని పండితులు పరిష్కరించుటకు, గాయకులు పాడుటకు అవి చేతికి రాలేదు. చెక్కించినవారి శ్రద్ధకేమియు కొదువలేదు. అర మూసియుండెను.

అంతరిక్ష విజ్ఞానములోను ఇట్టి కథ యొకటి కలదు. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో కారింగ్టన్ అను ఖగోళజ్ఞుడు సూర్యునిమీద తెల్లని మెరుపును చూచెను. ఒక దినమైన గడవకమునుపే భూమిని మహాతుఫాను తాకెను. ఆ తుఫానులో బొంబాయి కొలాబా అబ్జర్వేటరీవారు అయస్కాంతసూది కదలికలను చేతితో వ్రాసి యుంచిరి. భారత, అమెరికా శాస్త్రజ్ఞులు ఆ పాత లెక్కలను పరిశీలించి, భూ అయస్కాంతబలము నాడు సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయెనని 2003లో ప్రకటించిరి. దాదాపు నూటనలువది నాలుగేండ్ల తరువాత ఒక గుమాస్తా చేతివ్రాత ప్రపంచమునకు పనికివచ్చెను! ఈ శాస్త్రములో ఒకచోట వ్రాసినదానికి మరియొకచోటి లెక్క తోడైనగాని అర్థము పూర్తికాదు. మూసిన పుట ఇక్కడ కలిగించు నష్టము ఇతర శాస్త్రములలో కంటె హెచ్చని మా అభిప్రాయము.

ఈ మాట రాజంపేటకు దూరపు మాట కాదు. ఇక్కడినుండి నేరుగా దక్షిణమునకు గీత గీచినచో, రమారమి ఎనుబది కిలోమీటర్లలో తిరుపతి చెంత గాదంకి తగులును. 1992లో అచ్చట ఏర్పడిన జాతీయ రాడార్ కేంద్రమే 2005లో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఆయెను. 1,024 ఏరియళ్లు పొలమంత మేర బారులు తీరి, 53 మెగాహెర్ట్జు తరంగములను ఆకాశమునకు పంపి, తిరిగివచ్చు బలహీనమైన ప్రతిధ్వనులను పట్టును. సూర్యాస్తమయము పిదప అయనావరణములో లేచు బుడగల వంటి కల్లోలములను ఈ రాడారు చూపును. ఉపగ్రహములు తెలుపు దారిగుర్తులు తడబడుటకు అవి యొక కారణము. ఇంకను తూర్పున శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య ఎల్1 నౌక, భూమికి పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమునుండి సూర్యుని చూచుచున్నది. దాని కొలతలు 2025 జనవరిలో అందరికి విడుదలయ్యెను.

కొలతలు చేతికి వచ్చి, వానిని వివరించు వ్యాసములు రాకున్న ప్రయోజనమెంత? 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము 'ఒకే దేశము, ఒకే చందా' పథకము నామోదించెను. మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలతో సుమారు 13,000 పత్రికలను 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించుట దాని యుద్దేశము. మంచి పనియే. అయినను ప్రయివేటు కళాశాల విద్యార్థి, ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయుడు ఆ సంస్థల లెక్కలోనికి రారు. తెరచిన పత్రిక ఎవరి లెక్కయు అడుగదు.

దానికిని వ్యయము లేకపోలేదు. ఇట్టి పత్రికలలో పెక్కు అచ్చుకూలిని వ్రాయువారినుండియే గ్రహించును. ధనిక దేశపు ప్రయోగశాలకు అది చిన్న ఖర్చు. మన చిన్న కళాశాల అధ్యాపకునికి నెలల జీతము. ఈ చిక్కు ఇంకను విడలేదు. చదువువాని భారము తీసి వ్రాయువాని తలపై పెట్టుట సగము పరిష్కారమే.

చదువుటకు మాత్రము నేడే పూనుకొనవచ్చును. ఇంటరులో భౌతికశాస్త్రము చదివినవారికి వ్యాసము మొదటనున్న సంగ్రహము కొంత బోధపడును. మిగిలినది అధ్యాపకునితో కూర్చుండి చదువదగినది. సాయంకాలపు బుడగలను గూర్చిన వ్యాసముతో మొదలిడుట మేలు. మార్చి, సెప్టెంబరు ప్రాంతములలో, సూర్యుడు చురుకుగా నున్న యేండ్ల, ప్రొద్దు గ్రుంకిన గంట రెండు గంటలకు అవి లేచునది రాజంపేట పైనను, గాదంకి పైనను గల ఈ ఆకాశముననే.